శవం ముందర ఆడిన బిజిలి

మీలో ఎవరన్నా శవాన్ని నడిబాటలో నిలబెట్టినారా? నేను నిలబెట్టినా! పోయిన నెల, పట్టపగలు, నలుగురు భుజాల మీద మోస్తాండంగా! నవ్వకండి, దాని తర్వాత చాలా రోజులు ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ముందు బిజిలి సంగతి చెప్పల్ల. మా చిన్నాయన ఓబులేసు సాకుతాండే ఆడగుర్రం అది. పెండ్లి ఊరేగింపుల్లో ఆడతాది. గార్లదిన్నె నుంచి గుంతకల్లు రైల్వే క్వార్టర్స్ దాకా ఎంతమంది పెండ్లికొడుకులు దాని మీద బిక్కుబిక్కుమంటా కూర్చున్నారో! తప్పెట మీద దెబ్బ పడితే చాలు, ముందరి కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతాది. ఈ యేడు శెనక్కాయ మొలకలోనే మాడిపోయింది. బోరులో నీళ్ళు పోయినాయి. ఇంటికి మిగిలిన దిక్కు ఆ నాలుగు కాళ్ళే.

వాటిలో ఒకటి పోయింది. గుంతకల్లులో ఒక పెండ్లిలో బండల మీద జారి, ముందరి కుడికాలి వెనక నరం చిట్లింది. కాలు ఉబ్బిపోయింది. చిన్నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆడలేని గుర్రాన్ని ఎవరు కొంటారు? కొనేవాడు ఎందుకు కొంటాడు? ఆ రెండో ప్రశ్న మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

అనంతపురం నుంచి గుర్రాల డాక్టరమ్మ వచ్చింది. స్కానింగ్ చేసి, పీఆర్పీ అనే వైద్యం చేస్తానన్నది. బిజిలి మెడలో నుంచి రక్తం తీసింది. దాన్ని మిషన్లో పెట్టి గిరగిరా తిప్పింది. వేరుపడిన పసుపుపచ్చని నీళ్ళను సూదిలోకి లాగింది. చిన్నాయనకు అనుమానం పట్టుకుంది.

"దాని రక్తం తీసి దానికే పొడిస్తే, ఇంక మందు యాడుండాది డాక్టరమ్మా?"

"మందు ఆ రక్తంలోనే ఉంది ఓబులేసన్నా. గాయాన్ని మాన్పే కణాలుంటాయి. ఆ నరంలోకి రక్తం చాలా తక్కువ పోతుంది. అందుకే మనమే మోసుకుపోయి ఆడ పెడుతున్నాం."

నేను ఊరుకుంటానా? "అంటే చిన్నాయనా, పెరుగు చిలికి వెన్న తీసి, ఆ వెన్నను మళ్ళా ఆవుకే పూసినట్ల!" అన్నా. డాక్టరమ్మ నవ్వింది. చిన్నాయన నవ్వలేదు.

స్కానింగులో చూసుకుంటా సూది వేసినాక, డాక్టరమ్మ కూడా నవ్వు మానేసి చెప్పింది. "గ్యారంటీ ఇవ్వలేను. ఇంక మీ ఓపిక. కొన్నాళ్ళు కొట్టం దాటనీయొద్దు. ఆ తర్వాత రోజుకు పది నిమిషాలు నడిపించండి. చదునైన నేల, నేరుగా, నిదానంగా. రాళ్ళు వద్దు, ఇసుక వద్దు, గిరుక్కున తిప్పొద్దు. ఆట అసలే వద్దు. మళ్ళీ తెగిందంటే నా చేతిలో ఏమీ ఉండదు."

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉండేది నేనొక్కదాన్నే. ఆ పది నిమిషాల డ్యూటీ నాకు పడింది.

కొట్టంలో ఉంచాల్సిన రోజులు అయిపోయినాక, నడక మొదటి రోజు చిన్నాయన రెండు దూది ఉండలు నా చేతిలో పెట్టినాడు. "దాని చెవుల్లో పెట్టి తీసుకపో అమ్మీ. తప్పెట ఇన్న్యాదంటే దాని కాళ్ళు దాని మాటే ఇనవు."

"ఇప్పుడు మూఢాలు చిన్నాయనా! పెండ్లిండ్లే లేవు. తప్పెట యాడ నుంచి వస్తాది, ఆకాశం నుంచా? ఆడి నుంచి వాన చుక్కే రాకపాయ!" అన్నా. అని, ఆ దూదిని నా చెవుల్లో పెట్టుకున్నా. "ఆఁ? ఏమంటివి? ఇనపడ్లే!" అంటా ఆయన్ను ఏడిపించి బయలుదేరినా.

మా బెళుగుప్ప పక్క పల్లెల్లో రాయి తగలని బాట దొరకడం కష్టం. మా ఊరికి ఉండేది ఒక్కటే, శ్మశానం బాట. మోసుకపోయేవాళ్ళు తట్టుకొని పడకూడదని ఎప్పుడూ చదును చేసి పెడతారు. రెండు పక్కలా కంపచెట్లు, వాటి వెనక రాతిగుండ్లు. గాలి దుమ్ము లేపుతాండాది. చెవుల్లో దూది హాయిగా ఉండె, తీయలేదు.

సగం దూరం పోయినామో లేదో, బిజిలి చెవులు నిక్కపొడిచింది. కుడికాలు ఎత్తింది. ఎడమకాలు ఎత్తింది. మళ్ళా కుడికాలు!

నా సంతోషం ఏమని చెప్పేది! నరం అతుక్కుండాది! ఒక్క సూదికి! ఒక చేత్తో పగ్గం పట్టుకొని, ఇంకో చేత్తో వీడియో తీసి చిన్నాయనకు పంపించినా. "చూడు, నీ బిడ్డ ఆడతాండాది!"

ఆ నిమిషమే చేతిలో ఫోన్ అదిరింది. చిన్నాయన ఏందో అరుస్తాండాడు, నాకు ఇనపడితేనా! దూది పీకినా.

"అమ్మీ, ఆ వీడియోలో తప్పెట మోగుతాండాది మే!"

వీడియోలో కాదు, నా ముందరే మోగుతాండాది. మలుపు తిరిగి శవం వస్తాండాది. పక్కనుండే కొట్టాల అనే పల్లె వాళ్ళకూ మా శ్మశానమే. ఆడి పెద్దన్న తాత పొద్దున పోయినాడంట, నాకు తెలీదు. పెండ్లిండ్లకు మూఢాలు అడ్డం గానీ, సావుకు ఏం అడ్డం?

తప్పెట కొట్టే మారెన్న మా బిజిలితో ఎన్నో పెండ్లిండ్లు చేసినోడు. గుర్రం కనపడంగానే ఆయప్ప చేతులు మాట తప్పినాయి. సావు దెబ్బ పోయి పెండ్లి దెబ్బ పడింది! బిజిలి ఇంకా ఎత్తి ఎత్తి ఆడతాండాది.

"మారెన్నా, ఆపన్నా!"

"నడిదారిలో ఎట్ల ఆపేది పాపా!"

వెనక నుంచి ఎవరో మెచ్చుకున్నారు కూడా. "గుర్రాన్ని ఎవురు మాట్లాడినారప్పా? పెద్ద కొడుకు శానా ఘనంగా చేస్తాండాడే!" శవం మీద చల్లే బొరుగులు ఒక పిడికెడు బిజిలి మీద, ఒక పిడికెడు నా మీద పడినాయి.

వెనక్కి తిప్పుదామంటే తిప్పకూడదు. పక్కకు దిగుదామంటే గుండ్లు. నిప్పుకుండ పట్టుకొని ముందర వస్తాండే కొడుకు దగ్గరికి వచ్చినాడు. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచిపోయినాయి ఆయప్పకు. ఆ కండ్లలోకి చూస్తా అడగల్ల.

"అన్నా, తప్పెట ఆపమను. దీని కాలినరం తెగింది, సూది వేయించినాము. ఆడితే కాలు పోతాది. మా చిన్నాయన బతుకు పోతాది. కాళ్ళు మొక్కుతా."

ఆయప్ప నిలబడినాడు, వెనక శవమూ నిలబడింది. బిజిలి కాలి పక్క చూసినాడు. వాపు పైకి వస్తాండాది.

"ఆపు మారెన్నా."

ఒక పెద్దాయన అడ్డం వచ్చినాడు. "నడిమిట్ల ఆపకూడదప్పా!"

"మా నాయన కాలు పడిపోయి నాలుగేండ్లు మంచంలో ఉన్న్యాడు మామా. ఏమీ అనుకోడులే. ఆపు."

తప్పెట ఆగింది. దూది బిజిలి చెవుల్లో కుక్కి, దాన్ని కంపకు ఆనించి పట్టుకున్నా. శవం సప్పుడు లేకుండా మా పక్కనే పోయింది. అడుగుల సప్పుడు తప్ప ఏమీ లేదు. నన్ను ఎవరన్నా తిట్టింటే బాగుండు. అందరూ పోయినాక బిజిలి ఒక అడుగు వేసింది. కుంటింది.

డాక్టరమ్మ వచ్చి మళ్ళా స్కానింగ్ చేసింది. "పూర్తిగా తెగలేదు, మీ అదృష్టం. కొత్తగా కొంత చిట్లింది. మొదటి నుంచి మొదలు పెట్టల్ల." మళ్ళా రక్తం, మళ్ళా మిషన్, మళ్ళా సూది. వచ్చే పెండ్లిండ్ల సీజన్ మాత్రం పోయినట్లే. ఈసారి నేను వెన్న మాట ఎత్తలేదు. చిన్నాయన కొట్టంలో దాని కాలి దగ్గర కూర్చొని, చేత్తో తడుముతా ఉండిపోయినాడు.

ఇంక నా సంగతి. ఇప్పుడు మా ఊర్లో గానీ, కొట్టాల్లో గానీ ఎవరన్నా పోతే, చుట్టాల కంటే ముందు నాకు ఫోన్ వస్తాది. నిన్న పొద్దున కూడా మారెన్నే చేసినాడు.

"పాపా, గుర్రం యాడుండాది? దెబ్బ వేయొచ్చునా?"

"కొట్టంలోనే ఉండాదన్నా, దూది పెడతా, నువ్వు వేసుకో" అని చెప్పి పెట్టేసినా.

పోయిందెవరని అడగనే లేదు!