రేగొండ రోడ్డు మీద మారిన మక్క కంకులు

పొద్దున ఆరుంబావుకు జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు, మా ఆఫీసుకు తాళం. రైలు రోకో లేని రోజున రైళ్ళు మాత్రం తిరిగేవి.

భూపాలపల్లిలో ఉన్న నా చెల్లెలు రజితకు మూడో నెల. పచ్చి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. రెండు రోజుల్లో ఏదో ఒకటి తినకపోతే దవాఖానలో చేర్చాల్సిందేనని డాక్టరమ్మ చెప్పిందట. బొగ్గుబాయిలో పనిచేసే ఆమె భర్త, మా బావ, ఫోన్ చేసి, మక్క గారెలైతే తింటానంటోందని చెప్పాడు. బజారు మొక్కజొన్న కంకులు ఎప్పుడు తెంపినవో ఎవరికి తెలుసు? మా అమ్మ మక్కచేను మహబూబాబాద్ దగ్గర, బయ్యారం దారిలో ఉంది. చుట్టుదారైనా ముందు అటే బయల్దేరాను.

నాది అసలే కాలు నిలవని తత్వం. కూర్చోలేక తలుపు దగ్గర నిలబడి పక్కవాళ్ళకు సంగతి చెప్పాను. పొట్టుతోనే ఉప్పునీళ్ళలో ఉడకబెట్టాలని ఒకావిడ, గింజలు వొలిచి ఉడికించి తాలింపు పెట్టి గుడాలు చేయాలని ఇంకొకావిడ సలహా ఇచ్చారు. కాజీపేటలో ఎక్కిన పెద్దాయన మాత్రం కాల్చిన కంకే కంకి అన్నాడు.

"నిప్పుల మీద తిప్పుకుంట కూసోవాలె బిడ్డా. నీకు గంత ఓపిక ఉన్నట్టు లేదు," అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

తొమ్మిదింటికి మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో అరగంటలో చేను చేరాను. అమ్మ ఒక్కో కంకి పొట్టు కొంచెం తీసి, గింజను గోటితో నొక్కి చూస్తోంది. అలా చూస్తూ కూర్చుంటే జీపు పోతుందని విసుక్కుని, నేనే సాలులోకి దిగి లేతగా కనిపించినవన్నీ ఇరవై దాకా విరిచాను. లేతవైతే మంచివే కదా అనుకున్నాను. అమ్మ సంచికి తడిగుడ్డ చుట్టి ఇచ్చింది. నీళ్ళు పోయకుండా పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర వేసి బరకగా రుబ్బమని మాత్రం చెప్పింది.

పదిన్నరకు మహబూబాబాద్‌లో జీపు దొరికింది. డ్రైవరు మామూలు కంటే రెండింతలు అడిగాడు, ఇచ్చాను. నర్సంపేటలో అందరూ టీ తాగారు, నేను సంచి పట్టుకుని జీపు చుట్టూ తిరిగాను. పరకాలలో ఇంకో జీపు మారి రేగొండ చేరేసరికి రెండున్నర. అక్కడ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలుగుతున్నాయి. ఆ రోజుల్లో ఊరూరా వంటావార్పు జరిగేది. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే బంతి కూర్చుని తింటారు. ఆ బంతి లేచేదాకా బండి కదలదు.

నేను వాదించాను, బతిమాలాను. "తినిపో అన్నా" అన్నారే తప్ప దారి ఇవ్వలేదు. ఉడుకుతున్న గుండిగ దగ్గర చాంద్‌బీ అనే ఆవిడ కంకులు వేస్తోంది. నా సంచి చూసి ఏంటని అడిగితే అంతా చెప్పాను. ఒక కంకి తీసి గోటితో నొక్కింది. పాలు చివ్వున ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి.

"గివి గారెలకు రావన్నా, ఉత్త పాలే ఉన్నయి. నూనెల ఏస్తె ఇచ్చుకపోతయి. ఎవరు తెంపిండ్రు?"

నేనేనని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ నా లేత కంకులన్నీ గుండిగలో వేసి, తన కుప్పలోంచి గోరు దిగీదిగనట్టున్న కంకులు ఏరి సంచి నింపింది. ఈ దారిన గారెల కోసం వచ్చేవాళ్ళు ఆ గోటి లెక్క నేర్చుకుని రండి. నా చేతికి వేడి కంకి ఒకటి ఇస్తే గడియారం చూస్తూ నమిలాను. రుచి ఏమీ తెలియలేదు.

నాలుగింటికి దారి ఇచ్చారు. ఐదు కావస్తుండగా భూపాలపల్లి ముందర మళ్ళీ అడ్డు. జీపు దిగి సంచి భుజాన వేసుకుని పరుగులాంటి నడక నడిచాను. బొగ్గుబాయి కాలనీ ఆడవాళ్ళు రోడ్డు మీద నిప్పుల చుట్టూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో రజిత. చేతిలో నిమ్మకాయ, ఉప్పు రాసిన కాల్చిన కంకి. సగం అయిపోయింది కూడా.

కోపమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. నిలబడ్డచోటే ఏడ్చేశాను.

"సమ్మె మొదలైన కాడికెల్లి మీ బావ ఇంట్ల ఉంటలేడన్నా. ఒక్కదాన్నే కూసుంటె ముద్ద దిగలే. ఇయ్యాల అక్కలొచ్చి గుంజుకొచ్చిండ్రు. ఇది కక్కలే," అంది.

ఆ సాయంత్రం గారెలు చేశాం. విరగకుండా ఎర్రగా వచ్చాయి. నూనె వాసనకే రజిత బయటికి పరుగెత్తింది. వాకిట్లో చేరిన అక్కలే అన్నీ తిన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వరంగల్‌లో జనగామ రైలు ఎక్కాను. ఉడికించినవి, కాల్చినవి, వేయించినవి అన్నీ రెండు రోజుల్లో చూశాను కానీ, నిమ్మళంగా కూర్చుని ఒక్కటీ తినలేదు. అంతలో అమ్మ ఫోన్ చేసింది. గారెలు తిన్నదా అని అడిగింది. ముట్టలేదని, రోడ్డు మీద కాల్చిన కంకి తిన్నదని చెప్పాను. అమ్మ మళ్ళీ అడిగింది.

"ఒక్కతే తిన్నదా, నలుగురితోని తిన్నదా?"

నలుగురితోనే అన్నాను.

"అయితె రేపు గూడ తింటది. నువ్వు పరేషాన్ గాకు బిడ్డా," అంది.