పదును గంట

బొమ్మరాయిపల్లి కాలేజీ కథ చెప్పమంటే ఊరి పెద్దలంతా శిలాఫలకం దగ్గర మొదలుపెడతారు. దాని మీద ఒక మంత్రిగారి పేరుంది, పక్కన తమ పేర్లూ ఉన్నాయి, అందుకని. నిజానికి ఆ కాలేజీ శెనక్కాయ పొట్టులో పుట్టింది. ఆ పొట్టంతా ఊడ్చి, పిల్లలు కూర్చునేలా చేసిన మనిషి మారెక్క. ఆమె పేరు ఏ ఫలకం మీదా లేదు కాబట్టి ఆమె సంగతే చెప్పుకోవాలి.

1971లో నరసింహప్ప తన శెనక్కాయల మిల్లుకు తాళం వేశాడు. వరసగా వానలు ఎగ్గొట్టాయి. కాయలే లేనప్పుడు మిల్లు తిప్పి ఏం చేసుకోవాలి? ఆ ఏడే చుట్టుపక్కల పల్లెల వాళ్లు కూడబలుక్కుని ఊళ్లో జూనియర్ కాలేజీ పెట్టుకున్నారు. పదో తరగతి అయిన పిల్లలు మడకశిరకో హిందూపురానికో పోలేక గొర్రెల వెంట పోతున్నారన్న దిగులు అందరికీ ఉంది. ఒకరు బెంచీలకు చింతమొద్దు ఇచ్చారు, ఒకరు బండి కట్టి బండలు తోలారు. నరసింహప్ప గోడౌను ఇచ్చాడు. "కాయలు పండినప్పుడు సూస్తాంలే. అంతవరకు సదువుకోనీ" అన్నాడు. ఆ మాటలో దాతృత్వం ఎంతో, పెదవి విరుపు ఎంతో ఆయనకే తెలియాలి.

మారెక్క ఆ మిల్లులో కాయలు ఒలిచిన కూలిమనిషి. మొగుడు పోయి, చంకలో రామాంజినమ్మ ఉన్నప్పుడు పనిలో చేరింది. మిల్లు మూతపడ్డా ఆమె కదల్లేదు. కాలేజీకి ఊడ్చే పని, నీళ్లు మోసే పని, గంట కొట్టే పని ఆమెవే అయ్యాయి. గంటంటే కంచుది కాదు. దూలానికి వేలాడగట్టిన రైలుపట్టా ముక్క. మిల్లు నడిచిన రోజుల్లో కూలోళ్లను పిలవడానికి కట్టింది.

ఆ పట్టాకు ఒక మర్యాద ఉండేది. పనిలోకి రమ్మంటే విడివిడిగా దెబ్బలు. ఎండిన నేల మీద మంచి వాన పడి, విత్తనానికి సరిపడా తడి, అదే పదును, వచ్చిందంటే మాత్రం ఆగకుండా, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాలి. అది వినపడితే మిల్లులో ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ చేన్లకు పరిగెత్తాలి. యజమానిని అడిగే పని లేదు. ఈ సీమలో పదును రెండు మూడు పూటలకు మించి ఉండదు. అది పోతే ఆ ఏడు పోయినట్టే. అందుకే నరసింహప్ప కూడా ఆ గంటకు ఏనాడూ అడ్డం చెప్పలేదు.

కాలేజీ పెరిగింది. గోడౌనుకు తడికలు పెట్టి గదులు చేశారు. కోస్తా నుంచి లెక్చరర్లు వచ్చారు. ఇక్కడి నీళ్లు తాగలేక ఒకరిద్దరు పారిపోయారు కూడా. ఉన్నవాళ్లకు రాగిసంకటి అలవాటైంది. 1976లో బి.ఏ. క్లాసులు తెచ్చారు. అదీ ఒక్క ఏడాదికి, చూసి పొడిగిస్తామన్న షరతు మీద. మొదటి జట్టులో ఉన్న నలుగురు ఆడపిల్లల్లో రామాంజినమ్మ ఒకతి. కూతురు పుస్తకం పట్టుకుని కూర్చుంటే మారెక్క గదంతా ఊడ్చినా ఆ బెంచీ కింద మాత్రం రెండుసార్లు ఊడ్చేది. ఆ డిగ్రీ ఎత్తేస్తే పిల్లను అనంతపురం పంపే తాహతు ఆమెకు లేదు. ఇంక ఆ పిల్ల చేతికి కూలిపనే గతి.

మరుసటి ఏడు జూలైలో ఆ పొడిగింపు సంగతి తేల్చడానికి విశ్వవిద్యాలయం వాళ్లు వస్తున్నారని తెలిసింది. ప్రిన్సిపాలు హనుమంతరాయుడు వారం రోజులు నిద్రపోలేదు. "మారెక్కా, వాళ్లొచ్చినప్పుడు ఒక్క పిల్లోడు కూడా బయట కనపడకూడదు" అని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చెప్పాడు. ఆమె అన్నీ విన్నది. బుద్ధిగా తలూపింది. ఆయన జీపు మాట్లాడుకుని వాళ్లను తీసుకురావడానికి హిందూపురం స్టేషనుకు పోయాడు.

ఆ రోజు తెల్లవారుజామున వాన పట్టుకుంది. ఆ ఏడు అదే మొదటి వాన. కాలేజీ వేళకు తెరిపిచ్చింది. మారెక్క వాకిట్లోకి వచ్చి నేల తొక్కి చూసింది. మడమ దిగింది. అంతే, హనుమంతరాయుడూ, ఆయన చెప్పిన జాగ్రత్తలూ ఆమె తలలోంచి ఎగిరిపోయాయి. చెయ్యి దానంతట అదే కమ్మీ అందుకుంది. పట్టా ముక్క ఆగకుండా మోగింది.

పిల్లలకు మాత్రం ఎవరు చెప్పాలి? పుస్తకాలు బెంచీల మీద పడేసి, చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తారు. రామాంజినమ్మ అందరికంటే ముందు పోయింది. కోస్తా నుంచి వచ్చిన ఇంగ్లీషు లెక్చరరు పాఠం సగంలో ఆపి, సుద్దముక్క పట్టుకుని, ఇదెక్కడి ఊరురా బాబూ అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

జీపు వచ్చి ఆగింది. ఒక ముసలి ప్రొఫెసరు, ఒక మేడం దిగారు. వాళ్ల వెనక దిగిన హనుమంతరాయుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిల్లలేరీ?" అన్నాడు ప్రొఫెసరు, ఖాళీ బెంచీలు చూస్తూ.

"నేనే గంట కొట్టినాను సామీ" అంది మారెక్క. "పదునొచ్చింది. కొట్టేసినాను."

ఆయనకు అర్థం కాలేదు. "పిల్లలు లేని కాలేజీకి అనుమతి ఎందుకండీ?" అన్నాడు ప్రిన్సిపాలుతో. భోజనం వేళ దాకా ఉంటాం, ఆపైన వేరే ఊరు పోవాలి అని కుర్చీలో కూర్చున్నాడు. మారెక్కకు అప్పుడు తెలిసొచ్చింది తను చేసిందేమిటో. ఎవరితో ఏమీ చెప్పకుండా కొంగు దోపుకుని చేన్ల మీద పడింది.

నరసింహప్ప చేను ఊరి చివరే. ఎద్దులు కట్టి, విత్తనం వేసే గొర్రు ఆయనే తోలుతున్నాడు. వెనక రామాంజినమ్మ వంగి నడుస్తూ జడ్డిగంలో విత్తనం పోస్తూ ఉంది. ఆ చెక్కగిన్నెలోంచి గింజలు గొట్టాల గుండా సాళ్లలోకి జారుతున్నాయి. పిడికిలి ఒక్క క్షణం ఆగితే సాలు ఖాళీగా పోతుంది.

"అన్నా, గొర్రు నిలుపు. యూనివర్సిటీ వాళ్లొచ్చినారు. పిల్లోళ్లను పంపల్ల."

నరసింహప్ప ఎద్దులను ఆపలేదు. "పదును నిలస్తాదా మారెక్కా? మూడేండ్లకు పడింది వాన. రేపు రమ్మను."

"రేపు రారు. డిగ్రీ ఎత్తేస్తారు. మళ్ల నీ గోడౌన్లో కాయలు పోసుకుందువు గానీలే. నా బిడ్డ ఒలుస్తాది."

అప్పుడు ఆగాడు. మారెక్క ఆయన జవాబు కోసం చూడలేదు. కూతురి దగ్గరికి పోయి ఒడిలోని విత్తనాల మూట లాక్కుని తన నడుముకు కట్టుకుంది. "నువ్వు పో. నేను పోస్తా."

"కాళ్లు కూడా కడుక్కోలేదమ్మా."

"అట్లే పో."

నరసింహప్ప గట్టెక్కి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పక్క చేనుకు కేక వేశాడు. "ఓ కదిరప్పా, నీ కొడుకును కాలేజీకి తోలు. వాని గొర్రు నువ్వు పట్టు." ఆ చేనువాడు అవతలి చేనుకు వేశాడు. కేక గట్టుమీంచి గట్టుకు పోయింది. ముసలోళ్లు గొర్రులు పట్టారు, పొయ్యి దగ్గరి ఆడవాళ్లు వచ్చి జడ్డిగాలు పట్టారు. ఎవరి చేనూ ఆగలేదు. ఊరు ఊరంతా ఒక తరం కిందికి దిగి పిల్లలను పైకి పంపించింది. ఆ మాట ఎవరూ అనలేదు, నేనంటున్నాను.

మోకాళ్ల దాకా ఎర్రమట్టితో పిల్లలు గోడౌను నిండా వచ్చి నిలబడ్డారు. మేడం చీర కుచ్చిళ్లు పైకెత్తుకుంది. ప్రొఫెసరు ఒక్కొక్కరి పేరూ పిలిపించి, అందరికంటే మట్టి ఎక్కువున్న రామాంజినమ్మను ముందుకు రమ్మన్నాడు.

"క్లాసు వదిలి ఎందుకు పోయావమ్మా?"

"పదునొచ్చింది సార్. ఇత్తనం ఏస్తాండాం."

"మరి మళ్లీ ఎందుకొచ్చావు?"

"మా అమ్మ పంపించింది."

"మీ అమ్మ ఎక్కడుంది?"

"చేన్లో ఉండాది సార్. నా జడ్డిగం పట్టుకోని."

ప్రొఫెసరు పోతూ పోతూ జీపు ఆపించి, దిగి, నరసింహప్ప చేను గట్టున చాలాసేపు నిలబడ్డాడని చెబుతారు. మారెక్క తలెత్తలేదు. తలెత్తితే సాలు ఖాళీ పోతుంది కదా. ఆ నెలాఖరుకే పొడిగింపు వచ్చింది. ఆ ఏడు కాయలూ పండాయి. నరసింహప్ప మాత్రం గోడౌను అడగలేదు. కాయలకు వేరే కొట్టం వేసుకున్నాడు.

తర్వాత రాతి కట్టడం లేచింది, సైన్సు క్లాసులు వచ్చాయి, ఆడపిల్లలకు హాస్టలు వచ్చింది. పట్టా ముక్కను పిల్లలే మోసుకుపోయి కొత్త వరండాలో కట్టారు. రామాంజినమ్మ అనంతపురంలో ఎం.ఏ. చేసి, అదే కాలేజీలో చరిత్ర చెప్పడానికి వచ్చింది. మారెక్క పని మానేసి ఇంటిపట్టున ఉంది.

1987. మళ్లీ కరువు ముదిరి, వానలు మరిచిపోయిన కాలం. ఒకరోజు పొద్దున్నే ఆకాశం చిల్లిపడింది. తెరిపిచ్చాక మారెక్క గుమ్మంలో కూర్చుని చెవులు రిక్కించింది. గంట లేదు. ఇంకాసేపు చూసి, కర్ర పట్టుకుని కాలేజీకి నడిచింది. వరండాలో కొత్త అటెండరు సుంకన్న కమ్మీ పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"కొట్టలేదేమప్పా?"

"ఆర్డరు లేదవ్వా."

"ఇట్ల ఇయ్" అని కమ్మీ తీసుకుంది. పట్టా ఆగకుండా మోగింది. గదుల్లోంచి పిల్లలు ఆమె పక్కగా దూసుకుపోయారు. అందులో ఆడపిల్లలే ఎక్కువ. వాళ్ల వెనకే రామాంజినమ్మ వచ్చింది, సుద్ద అంటిన చేతులతో.

"అమ్మా, ఈ పొద్దు యూనివర్సిటీ వాళ్లొస్తాండారు. ఎమ్మే క్లాసులియ్యాలా వద్దా అని సూసేకి."

మారెక్క చెయ్యి ఆపలేదు.

"రానీ. పిల్లోళ్లు చేన్లో ఉండారని చెప్పు. ఆడికే పిల్చుకోని పో."