ఖాసిం చాచాను తిప్పిందెవరు

మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి పుండ్లకు కట్లు కట్టే నర్సును నేను. ఇన్ని చావులు చూశావు కదా, ఎప్పుడైనా ఏమైనా కనిపించిందా అని మా చర్చిలో ఆడవాళ్లు అడుగుతుంటారు. కనిపించలేదు. మనిషి పోయాక మంచం మీద మిగిలేది ఒళ్లు ఒక్కటే. దాన్ని శుభ్రంగా తుడిచి, కళ్లు మూసి, అయినవాళ్లను లోపలికి పిలవడం నా పని. దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మణుగూరులో ఖాసిం చాచా అని ఒక టైలర్ ఉండేవాడు. రెండుసార్లు పక్షవాతం వచ్చి కాళ్లూ చేతులూ పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది కానీ తెలివి బాగానే ఉండేది. గుండె కూడా బలహీనపడింది. ఇక ఆస్పత్రుల చుట్టూ తిప్పొద్దు, ఇంట్లోనే నొప్పి తెలియకుండా చూసుకోండి అని డాక్టర్లు చెప్పేశారు. వెన్ను చివర పుండు పడింది. రోజు విడిచి రోజు వెళ్లి దాన్ని కడిగి డ్రెస్సింగ్ చేసేదాన్ని.

అలాంటి పుండుకు మందు కన్నా ముఖ్యం, మనిషిని గంట గంటన్నరకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం. ఆ పని ఆయన భార్య మహబూబీ చేసేది. నేను నేర్పినదానికి తన పద్ధతి ఒకటి కలుపుకుంది. మోకాళ్ల మధ్య దిండు పెట్టాక, ముడుచుకుపోయిన ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పి అరచేతిలో చేతిరుమాలు చుట్టి పెట్టేది.

ఆమె వైరాలో చెల్లెలి ఇంట్లో పెళ్లికి వెళ్లి, అక్కడే గుండెపోటుతో పోయింది. ఖననం కూడా అక్కడే చేశారు. కొడుకు రఫీ ఈ సంగతి తండ్రికి చెప్పలేదు.

"చెప్తే అబ్బా గుండె ఆగుతది సిస్టర్. అమ్మి ఇంక వైరాలనే ఉన్నదని చెప్పినం," అన్నాడు నాతో.

పగలంతా రఫీ దుకాణంలో ఉంటాడు. ఇంట్లో ఉండేది కోడలు షాహీన్. ఆమెకు నెలలు నిండుతున్నాయి, బరువులు ఎత్తకూడదు. రఫీ ఇంట్లో ఉన్నప్పుడు తిప్పితే చాలదు. పుండు లోపలికి పోతుందని భయపడ్డాను.

పోలేదు. అంచుల్లో కొత్త కండ పట్టడం మొదలైంది. నేను వెళ్లినప్పుడల్లా చాచా చక్కగా పక్కకు తిరిగి ఉండేవాడు, కింద దుప్పటి మీద ఒక్క ముడత కూడా లేకుండా. చేతిలో రుమాలు ఉండేది. బాగా చూసుకుంటున్నావని షాహీన్‌ను మెచ్చుకున్నాను. ఆమె నా వంక వింతగా చూసింది.

"నేను తిప్పలే సిస్టర్. నాతోని ఎట్లైతది? మందులకు అబ్బానే జర కదుల్తున్నడేమో అనుకున్న."

ఆయన కదలలేడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆ రోజు కట్టు కట్టాక ఆయన్ని ఎడమ పక్కకు నేనే పడుకోబెట్టాను. రుమాలు కావాలనే కిటికీలో వదిలేశాను. ముందుగదిలో షాహీన్ ఎదురుగా కూర్చుని చాయ్ తాగాను. చాచా పడుకున్న లోపలి గదికి ఉన్న ఒకే ఒక్క తలుపు మా పక్కనే ఉంది. కిటికీకి జాలీ బిగించి ఉంది. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఐస్ బండి గంట వినిపిస్తోంది. మేమిద్దరం అక్కడి నుంచి లేవలేదు.

లోపలికి వెళ్లేసరికి ఆయన కుడి పక్కకు తిరిగి నిద్రపోతున్నాడు. అప్పటిదాకా దిండుకు నొక్కుకుని ఎర్రబడిన ఎడమ చెవి పైకి ఉంది. వేళ్లు విప్పి ఉన్నాయి. వాటి మధ్య రుమాలు.

షాహీన్ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను చాచా నాడి చూశాను.

ఇది జరగకపోయినా ఆయనకు నిజం చెప్పాలనే నేను అనేదాన్ని. పోయే ముందు భార్య కోసం ఏడ్చే హక్కు మనిషికి ఉంటుంది. రఫీని ఒప్పించాను. ఆ శుక్రవారం నమాజు నుంచి వచ్చి, తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, ఏడుస్తూ చెప్పాడు.

చాచా కొడుకు వైపు కళ్లు తిప్పాడు. తర్వాత ముద్దముద్దగా అన్నాడు.

"తెల్సు బేటా. వస్తున్నది కదా. ఏం మాట్లాడదు, తిప్పుతది, పోతది. పెళ్లైనకాంచి కూసున్నది లేదు మీ అమ్మి. ఇగ చాలు, పండుకొమ్మని చెప్త."

అప్పుడు కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోవడానికి ఆయనకు చేతులు లేవవు. రఫీ తుడిచాడు.

మర్నాటి నుంచి ఎలా పడుకోబెడితే అలాగే ఉండిపోయాడు. రఫీ దుకాణం మూసుకుని ఇంట్లోనే ఉన్నాడు, తానే తిప్పాడు. కొన్నాళ్లకు, పొద్దున పాలు తాగిస్తుండగా, చాచా నెమ్మదిగా వెళ్లిపోయాడు.

చావుకు దగ్గరైన ఒంట్లో కొత్త కండ పట్టడం అరుదు. అదైనా ఎలాగోలా సర్దిచెప్పుకోగలను. ఆ మధ్యాహ్నం సంగతే సర్దిచెప్పుకోలేకపోతున్నాను. ఇద్దరం మెలకువగా ఉన్నాం, పట్టపగలు.

బిడ్డ పుట్టాక చూడటానికి వెళ్లాను. షాహీన్ బిడ్డను నా ఒళ్లో పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"మేం మంచిగ చూస్తలేమనేనా సిస్టర్, అమ్మి వచ్చింది?"

కాదమ్మా అన్నాను. ఎందుకు కాదో మాత్రం ఈనాటికీ నాకు తెలియదు.