సోషియాలజీ క్లాసులో నేనాడిన అబద్ధం

రోజూ ఊరి నుంచి బస్సులో పోయి కరీంనగర్‌లో బీఏ చదివే రోజులవి. సోషియాలజీ క్లాసులో అంటరానితనం పాఠం జరుగుతోంది. "ఇప్పుడు గూడ ఊళ్లల్ల ఇసొంటివి ఉన్నయా?" అని సార్ అడిగారు. మా ఊరి రాజేశం లేచాడు.

"ఉన్నయి సార్. మా ఊర్ల పటేండ్ల ఇండ్లల్ల మాకు చాయ్ గ్లాసు వేరే ఉంటది."

అందరూ నావైపు తిరిగారు. మాది ఆ పటేళ్ల ఇల్లేనని వాళ్లకు తెలుసు. రాజేశం తండ్రి మా దగ్గరే పాలేరుగా జీతం ఉండేవాడు. ఆయన చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి, మా పశువుల కొట్టం చూరులో దోపేవాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా పరువు పోతుందని లేచాను.

"అబద్ధం సార్. మా ఊర్ల గసొంటివేం లెవ్వు."

"ఊరిని బద్నాం చేస్తున్నవేందిరా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది.

బయట రాజేశం నన్ను ఆపాడు. "వాళ్లు నవ్వితే నవ్విరి. పొద్దున మా బాపు గా గ్లాసుల తాగుతుంటే నువ్వు ఆడనే ఉన్నవు గదనే!"

తర్వాత అతను క్లాసుకు రాలేదు. డిగ్రీ వదిలేసి దుబాయ్ పోయాడు. నిరుడు అక్కడే చనిపోయాడు. క్షమించమని ఒక్కసారైనా ఫోన్ చేయలేకపోయాను.

ఆ రోజు నవ్విన మిత్రులారా, రాజేశం నిజమే చెప్పాడు.