ఆరు సీసాల ఎర్ర వైన్, అంటగట్టిన పార్టీ

ఆరు సీసాల ఎర్ర వైన్ కొన్నందుకు నాకు పార్టీ అంటగట్టారు. నేను ఏ పార్టీలోనూ చేరలేదు, ఎవరి జెండా మోయలేదు. అయినా ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగులో దిగేలోగా ఫలానా వాళ్ల మనిషినైపోయాను.

అవి ఫ్యాక్షన్ రోజులు. మద్యనిషేధం ఎత్తేసి కొన్నేళ్లయింది. మా ఊళ్లో టీ కొట్టుకు ఒక పార్టీ, మంగలి షాపుకు ఒక పార్టీ. నేను ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. ఇరువైపుల వాళ్ల బావుల్లోకీ దిగినవాణ్ణి కాబట్టి పిలిస్తే ఇరువైపుల వాళ్లూ వచ్చేవారు. ఏటా క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో పొట్టేలు కూర, రాగి సంగటి. రెండు పార్టీలూ ఒకే పంక్తిలో కూర్చుని తినే ఇల్లు మాదొక్కటేనని నా గర్వం.

చిక్కంతా తాగేదాని దగ్గరే. రమ్ము పోస్తే రెండో గ్లాసుకు పాత కేసులు బయటికొచ్చేవి. ఒక ఏడాది కూర గిన్నె మీదుగా చేతులు కూడా లేచాయి. నేను మిషన్ ఆస్పత్రిలో జనరేటర్ చూసే రోజుల్లో అక్కడి డాక్టరు దొర పండక్కి చిన్న గ్లాసులో ఎర్ర వైన్ ఇచ్చేవాడు. తింటూ కొంచెం కొంచెం తాగేదది. తాగినవాడి గొంతు పెంచదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, సీసాల మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం అక్కడే నేర్చుకున్నాను.

మరి పదిమందికి పోసేంత చవకగా, నోట్లో పెట్టుకునేలా ఉండే ఎర్ర వైన్ ఎక్కడ దొరుకుతుంది? వైన్ షాపని బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గర అదొక్కటి తప్ప అన్నీ ఉంటాయి. ఇది నాకు ఇప్పటికీ మంటే. పులివెందుల్లో ఒకటి దొరికింది, దగ్గుమందులో చక్కెర కలిపినట్టుంది. ఇంకొకటి బంగారు కాగితం చుట్టుకుని కూర్చుంది, సగం ధర ఆ కాగితానికే. చివరికి ప్రొద్దుటూరులో ఒక షాపు పై అరలో దుమ్ముకొట్టుకున్న వరస కనిపించింది. బెంగళూరు వైపు సరుకు, రమ్ము కంటే చవక.

"అది వద్దులేప్పా, శానా పులుపు," అన్నాడు షాపాయన. "ఒకసారి కొన్నోడు మళ్లా ఈ దిక్కు రాలే."

"తియ్యగా ఉండదు కదా?"

"చక్కెర అనే మాటే లేదు."

"అయితే దించు."

ఒకటి ఇంటికి తెచ్చి, మూత తీసి గంటసేపు అట్లే ఉంచాను. మొదటి గుటకకు మొహం చిట్లించాను. కూర ముక్క నమిలాక రెండో గుటక తాగితే నాలుక మీది కొవ్వంతా కడిగేసినట్టయింది. మా ఆవిడ నా గ్లాసులోంచే రుచి చూసి, "నేరేడు పండు మాదిరి ఉండాది, ఇదే పోయండి," అంది. వారం తిరక్కుండానే ఇంకో ఆరు సీసాలకు వెళ్లాను.

షాపాయన వాటికి ఎన్నికల్లో మిగిలిన పోస్టర్లు చుట్టి, మూతల్లేని అట్టపెట్టెలో సర్దాడు. సీసాలు పగలకుండా మా సీమలో అదే ప్యాకింగు. షాపు ఏ పార్టీ వాడిదైతే ఆ నాయకుడి బొమ్మ. నేను సీసా లేబుల్ అక్షరం అక్షరం చదివాను గానీ దాని మీద చుట్టిన బొమ్మను చూడలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో దర్జాగా కూర్చున్నాను. దారి పొడుగునా ఆరు సీసాల మీద నుంచి ఆ నాయకుడు జనానికి దండం పెడుతూనే ఉన్నాడు.

బస్టాండులో పంక్చర్లు వేసే అతను ఎదురొచ్చాడు. "ఏం మామా, ఆ సైడు పోయినావంట?"

"వైన్ కొనుక్కోని వస్తాండా."

"ఆయప్ప బొమ్మలు ఆరు మోసుకోని వస్తాండావు, వైన్ అంటావేంది."

సాయంత్రానికల్లా అవతలి పార్టీ పెద్దమనిషి దగ్గరనుంచి కబురొచ్చింది, ఈ ఏడు భోజనానికి రానని. మా పంక్తిలో ఏటా మొదట కూర్చునే మనిషి. ఆయన రాకపోతే ఆ వైపు వాళ్లు ఒక్కరూ రారు. అప్పుడు మాది కూడా ఒక పార్టీ ఇల్లే అవుతుంది.

నేను ఊరుకోలేదు. ఒక మనిషి తన దుడ్లు పెట్టి తనకు నచ్చింది కొనుక్కుంటే పార్టీ మారినట్టెట్లా అవుతుందని మూడు పేజీల జాబు రాశాను. జవాబు లేదు. రెండోది ఇంకా ఘాటుగా రాశాను. దానికీ లేదు. మూడోదాంట్లో తిట్లు మానేసి, ఏ కాగితమూ చుట్టని ఒక సీసాతో కలిపి పంపాను. "వట్టిగా తాగవద్దు, కూరతో తాగండి" అని ఒక్క ముక్క రాశాను.

పండగ ముందు రోజు ఆయన జీపు డ్రైవరు చీటీ తెచ్చిచ్చాడు.

"మామా, నీ జాబులు మూడూ చదివినా. మూడోది బాగుండాది. చెప్పినట్లే కూరతో తాగినా. నువ్వు మారలేదని నమ్మినా. ఎల్లుండి మధ్యానం ఆరుగురం వస్తాండాం. అవతలోళ్ల పెద్దాయన్ను గూడా పిలుచుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ నా పక్కనే కూర్చోబెట్టు. దూరంగా కూర్చుంటే సీసా ఎవురి గ్లాసులోకి పోతాందో నాకు కనపడదు."