గస్టాన్ బెల్రోజ్ అనే సేనాని

ఎలియాజరు మాస్టారు జన్మలో ఏ విద్యార్థికీ చెప్పని మాట ఒకటుంది: "తెలియదు." బొబ్బిలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆయన ఇరవై రెండేళ్లు చరిత్ర చెప్పారు. ఎవడైనా చిక్కు ప్రశ్న వేస్తే "మంచి ప్రశ్న, కూర్చో" అని కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. అద్దాలు శుభ్రపడేలోపు జవాబు తయారయ్యేది. పిల్లలంతా ఎంపీసీ, బైపీసీల మీద పడ్డాక కాలేజీ వాళ్లు హెచ్‌ఈసీ గ్రూపు ఎత్తేసి, ఆయన చేతికి హాస్టల్ తాళాలిచ్చారు.

భార్య రూపవతి గారు నర్సు. ఆవిడకి కెనడాలోని సస్కటూన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం వస్తే, మాస్టారు సూట్‌కేసు తోసుకుంటూ వెనకాలే వచ్చేశారు. ఇక్కడ ఆయనది మాల్‌లో సెక్యూరిటీ పని, మధ్యాహ్నం డ్యూటీ. చొక్కా మీద పేరు 'ఎలి' అనే ఉంటుంది. మాస్టారూ అని పిలిచే నోరు ఊళ్లో ఒక్కటీ లేదు.

అందుకేనేమో, మన పిల్లలు విమానాల నిండా దిగిన ఆ యేడు, ఆయన బేస్‌మెంటులో ఇద్దరికి చోటిచ్చారు. భీమవరం అమ్మాయి కావ్యశ్రీకి ఒక గది, మలక్‌పేట కుర్రాడు తనీష్‌కి ఇంకొకటి. మైనస్ ముప్పై అయిదులో బస్సు కోసం నిలబడక్కర్లేకుండా పొద్దున్నే కాలేజీ దగ్గర ఆయనే దింపేవారు, ఉచితంగా. షరతులు రెండే. సీటు బెల్టు పెట్టుకోవాలి, అంకుల్ అనకుండా సార్ అనాలి.

చెప్పని మూడో షరతు ఇరవై అయిదు నిమిషాల పాఠం. అందులో ఉన్నవన్నీ ఫ్రెంచి పేర్లే. బొబ్బిలి యుద్ధంలో తన ఊరి మీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీ దొర మీద పగతో చిన్నప్పుడు మొదలుపెట్టిన చదువు, పోను పోను ప్రేమలోకి దిగింది. ఒక సిగ్నల్ దగ్గర పాండిచ్చేరి ఏలిన డూప్లే, ఇంకో సిగ్నల్ దగ్గర ఈజిప్టు రాతలు చదివిన షాంపోలియన్, వంతెన మీద దెలక్రా బొమ్మలు.

ఒకరోజు నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ దగ్గరికి వచ్చింది కారు.

"తనీషూ, రేమండ్ సమాధి మీ ఇంటి పక్క గుట్ట మీదే కదయ్యా. చూశావా?"

"ఎన్నడు పోలే సార్."

"విన్నావా కావ్యా! ఇంటి పక్క గుట్ట ఎక్కనివాడు ఇక్కడికొచ్చి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చేస్తాడట!"

కావ్యశ్రీ పడీ పడీ నవ్వింది. మర్నాటి నుంచీ కుర్రాడి పేరు 'గుట్ట ఎక్కనివాడు' అయింది. మాస్టారు ముద్దుగానే అన్నారు. తనీష్ ముద్దుగా తీసుకోలేదు.

పదిరోజులు పోయాక అమాయకంగా అడిగాడు. "సార్, గస్టాన్ బెల్రోజ్ తెలుసా? బొమ్మలు గీసిండంట, గ్రంథాలు రాసిండంట, యుద్ధాలు గూడ చేసిండంట."

ఎర్ర లైటు పడింది. మాస్టారు కళ్లజోడు తీశారు. "మంచి ప్రశ్న. పాపం, బెల్రోజ్‌ని లోకం మరిచిపోయింది."

కారు కాలేజీ చేరేసరికి బెల్రోజ్‌కి యుద్ధంలో కుడిచెయ్యి పోయింది. తర్వాతి వారం ఎడమచేత్తో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. వెనక సీట్లో కావ్యశ్రీ మఫ్లరు కొరుక్కుంటూ కూర్చుంది. ఆ పేరు తనీష్ పార్ట్‌టైం చేసే సరుకుల కొట్టులో మాంసం కోసే పెద్దాయనదని ఆమెకి ముందే తెలుసు.

ఇంతలో తెలుగు సంఘం ప్రెసిడెంటు కేశవరావు ఫోన్ చేశాడు. "మాస్టారూ, పిల్లలకి శనివారం చరిత్ర క్లాసు పెడదామనుకుంటున్నాం. ఫ్యామిలీ డే సభలో పది నిమిషాలు మాట్లాడండి. పేరెంట్స్‌కి నచ్చితే క్లాసు మీదే."

మాస్టారూ! ఆ పిలుపు విని ఆయన ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు నిలబడే ఉన్నారు. వారం ముందే చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. బెల్రోజ్ కోసం గూగుల్‌లో వెతికితే అలాంటి సేనాని ఎక్కడా దొరకలేదు.

"దొరకనివాడి గొడవెందుకండీ? బుస్సీ గురించి చెప్పండి, చాలు," అన్నారు రూపవతి గారు.

"నీకు తెలీదు ఊరుకో. గూగుల్‌కే దొరకనివాణ్ణి నేను పట్టుకున్నాను." అప్పటికి ఆయన నమ్మేశారు మరి.

కింద బేస్‌మెంటులో కావ్యశ్రీ బతిమాలింది. "చెప్పేద్దాంరా. ఆ క్లాసు మీద ఎంత ఆశ పెట్టుకున్నారో తెలుసా?"

"గుట్ట ఎక్కనోడు అంటే నవ్వినవ్ గదా. ఇప్పుడు గూడ నవ్వు."

ఆమె చెప్పలేదు. చెప్పాలంటే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

సభకి నూట యాభై మంది వచ్చారు. మాస్టారు బుస్సీతో మొదలెట్టి, కళకీ చదువుకీ యుద్ధానికీ ఒక్కడే అయిన బెల్రోజ్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో కాయితాలు పక్కన పెట్టేశారు. ఒంటిచేతి సేనాని మంచులో కూర్చుని బొమ్మ వేస్తుంటే ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది కూడా.

తనీష్ లేచాడు. "సార్, చిన్న డౌట్. ఆయన ఎట్ల చనిపోయిండు?"

"ఈ సస్కచెవాన్ మైదానంలోనే నాయనా. మంచు తుపానులో, చేతిలో కుంచెతో."

"మరి ఈయనెవరు సార్? మా స్టోర్‌ల మీట్ కట్ చేస్తడు. పేరు గస్టాన్ బెల్రోజ్."

బిర్యానీ ఉందని తనీష్ పిలిస్తే టై కట్టుకుని వచ్చిన పెద్దాయన తన పేరు వినగానే లేచాడు. నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తి అందరికీ ఊపాడు.

"డాడీ, హీ హ్యాజ్ బోత్ హ్యాండ్స్!" అని అరిచాడో చిన్న పిల్లవాడు.

హాలు ఘొల్లుమంది. కళ్లు తుడుచుకున్నావిడ అందరికంటే గట్టిగా నవ్వింది. ఫోన్లు లేచాయి. మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు. ఒకవైపు తుడిచారు, రెండోవైపు తుడిచారు, మళ్లీ మొదటివైపు తుడిచారు. నవ్వాపుకోలేక ఎర్రబడ్డ కేశవరావు మైకు లాక్కుని, "భోజనాలు రెడీ!" అన్నాడు.

బిర్యానీ వరసలో పెద్దాయన మాస్టారి చెయ్యి పట్టుకుని, నా గురించి ఏం చెప్పారని ఇంగ్లీషులో ఆశగా అడిగాడు. అన్నీ మంచివే చెప్పానన్నారు మాస్టారు.

శనివారం క్లాసు కేశవరావు బావమరిదికి వెళ్లింది. ఆయన అందులో కోడింగ్ నేర్పుతున్నాడు.

సభ మర్నాడు చలి మైనస్ ముప్పై ఎనిమిది. పిల్లలిద్దరూ బెరుకుగా పైకొచ్చేసరికి మాస్టారు కారు వేడెక్కించి, అద్దం మీది మంచు గీకి సిద్ధంగా ఉన్నారు. "ఎక్కండి," అన్నారు. మొదటి సిగ్నల్ దగ్గర డూప్లే లేడు. వంతెన మీద దెలక్రా లేడు. వదిలించుకోవాలనుకున్న ఆ పాఠం లేకపోయేసరికి తనీష్‌కి చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

కావ్యశ్రీ ఉండబట్టలేకపోయింది. "సార్, బొబ్బిలి యుద్ధం ఎప్పుడు జరిగింది సార్?"

పదిహేడు వందల యాభై ఏడు, జనవరి ఇరవై నాలుగు. బొబ్బిలిలో నిద్రలో లేపినా చెప్పేవారు ఆ మాట.

ఎర్ర లైటు పడింది. మాస్టారు కారాపి, రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

"తెలియదమ్మా," అన్నారు. కళ్లజోడు తియ్యలేదు.