మరియమ్మ ఇచ్చిన గ్లాసు నీళ్ళు

నెల్లూరులో ఉదయం 6.10 ప్యాసింజరు ఎక్కాను. పులికాట్ పక్క పల్లెల్లో బోర్లు ఎంత ఉప్పెక్కాయో కొలిచి రాసుకోవాలని ప్రయాణం. సంచిలో నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు, నోటుబుక్కు, ఇడ్లీ పొట్లం, నీళ్ళసీసా. గూడూరులో ఎక్కిన చేపలమ్మే అక్క ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"సరస్సులో ఉప్పంతా ఆళ్ళ బోర్లలో దూరింది. ఇంక మా వలలు ఆళ్ళ చేలల్లో ఏసుకోవాల" అని నవ్వింది.

8.05కి దొరవారిసత్రంలో దిగాను. ఆటో నిండేదాకా కదలదు, అరగంట కలుపుకోండి. ఊళ్ళో నా తోటి ఉద్యోగి వాళ్ళన్న ఏసురత్నం ఇంటికి వెళ్ళాను. ఆయన వరి రైతు. నవంబరు సగమైనా వాన లేదు, చెరువు ఎండింది, ఇక బోరు నీళ్ళే దిక్కు, నారు ముదురుతోంది. నాట్లకు పిలిచిన ఆరుగురు ఆడవాళ్ళు అరుగు మీద ఎదురుచూస్తున్నారు. ఆయన భార్య మరియమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఉప్పగా ఉన్నాయి. అందరూ నా ముఖమే చూస్తుంటే మొత్తం తాగేశాను.

"ఎట్టుండాయి అబ్బయా?"

"బాగున్నాయక్కా."

ఏసురత్నం వెంటనే సంగం ఊళ్ళో ఉండే బామ్మర్దికి ఫోన్ చేశాడు. "నీళ్ళు బాగలేకుంటే నీకిస్తానన్న నారు పంపడంలా. ఈడే నాటుకుంటాం. నువ్వు వేరే చూసుకో."

నేను మీటరు సరిచూసుకుని, ఊళ్ళో బోర్లు కొలుచుకుంటూ చివరికి ఏసురత్నం పొలంలో బోరు దగ్గరికి వెళ్ళేసరికి 11.40. అప్పటికే నారంతా పెరికి, ఒక మడి నాటేశారు. అంకె 4.2 దగ్గర ఆగింది. వరికి మూడు దాటితే నష్టమే. చూపించాను.

"బాగుండాయంటివే?"

"మర్యాదకి అన్నానన్నా."

ఏసురత్నం గట్టు మీద కూర్చున్నాడు. "ఏళ్ళ తరబడి ఈ నీళ్ళే తాగి మా నాలికలకి ఉప్పు తెలీదు. అందుకే కొత్తోళ్ళకి గ్లాసిచ్చి మొహం చూస్తాం. నువ్వు మొహం గూడా దాచినావు."

మళ్ళీ ఫోన్ చేశాడు. సంగంలో కాలువ నీళ్ళున్నాయి గానీ, బామ్మర్ది అప్పటికే పక్క ఊరి నారు మాట్లాడుకున్నాడు.

"పెరికిన నారు ఏం జేస్తాం, నాటండి. వాన పడితే బతుకుద్ది" అన్నాడు ఏసురత్నం.

"ఆ వాన నీ మీటర్లో కనపడతాదేమో చూడు అబ్బయా" అంది ఒకామె, వంగిన నడుము ఎత్తకుండా.

మధ్యాహ్నం అన్నం పెట్టారు. బయల్దేరేటప్పుడు మరియమ్మ నా ఖాళీ సీసా నింపింది. వద్దనలేకపోయాను.

ఈ పల్లెలకు వెళ్ళేవారికి ఒక్క మాట: గ్లాసు ఇస్తే తాగి, ఉన్నదున్నట్టు చెప్పండి.

తిరుగు ప్రయాణంలో 4.25 రైల్లో పక్కనున్నాయన దాహమని అడిగితే సీసా ఇచ్చాను. ఒక గుక్క తాగి ఆగాడు. మూత బిగించి జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

"ఎలా ఉన్నాయన్నా?" అని అడిగాను.

"బాగుండాయి" అన్నాడు.